చూసి రండి, పట్టుకు రావద్దు

పాములను, తొండలను, ఉడుములను అవి బతికే చోటనే చూడాలన్న కోరిక మీలో చాలామందికి ఉంటుంది. మంచి కోరికే. సరీసృపాల పాఠం పదిసార్లు చదివినా తెలియనిది, రాతిమీద ఎండ కాచుకుంటున్న తొండను పావుగంటసేపు కదలకుండా చూస్తే తెలుస్తుంది. అయితే ఈ విషయంలో మీకు కనబడే పెద్దలు రెండు రకాలు. "పాము పేరెత్తితే కాళ్ళు విరగ్గొడతాను" అనేవారు ఒక రకం. నాగుపామును తోకపట్టి పైకెత్తి, సెల్‌ఫోనులో వీడియో తీయించుకునేవారు రెండో రకం. మొదటివారి మాటవల్ల మీరు ఇంట్లో కూర్చోరు, ఎవరికీ చెప్పకుండా వెళతారు. రెండోవారిని చూసి నేర్చుకుంటే జరిగేది మీరే ఊహించుకోవచ్చు. నేను ఈ ఇద్దరితోనూ ఏకీభవించను. వెళ్ళండి, కాని ఇంట్లో చెప్పి వెళ్ళండి, సిద్ధపడి వెళ్ళండి, ఏ ప్రాణినీ చేత్తో తాకకుండా తిరిగి రండి.

"పాతబస్తీలో పాములెక్కడివి, అన్నీ ఇళ్ళూ గల్లీలే కదా" అనుకోకండి. చెత్తకుప్ప ఉన్నచోట ఎలుకలుంటాయి. ఎలుకలున్నచోటికి జెర్రిపోతు వస్తుంది, నాగుపామూ వస్తుంది. పాత కోటగోడల రాళ్ళ సందుల్లో బల్లులుంటాయి, వాటికోసం మరికొన్ని పాములు తిరుగుతాయి. మూసీ ఒడ్డున, చెరువుల్లో నీరుకట్టు పాములుంటాయి. నగరం చుట్టూ ఉన్న గుట్టలమీదికి వెళితే రాతి తొండ కనబడుతుంది. జత కట్టే కాలంలో మగదాని వీపు ఎర్రబారి, పక్కలు నల్లబడి, దూరంనుంచే మెరుస్తుంది. ఇంత అందమైన జంతువు మన ఊళ్ళో ఉందని తెలియని పిల్లలు ఎందరో!

బయలుదేరే ముందు చేయవలసిన మొదటి యాత్ర మాత్రం గుట్టలకు కాదు. బహదూర్‌పురాలో, మీర్ ఆలం చెరువు పక్కనే, 1963 అక్టోబరు 6న ప్రారంభమైన నెహ్రూ జంతు ప్రదర్శనశాల ఉంది. మీలో చాలామంది అక్కడ పులినీ ఏనుగునూ చూసి, పాముల గదిలోకి ఒక్క పరుగులో వెళ్ళి ఒక్క పరుగులో బయటికి వచ్చివుంటారు. ఈసారి ఒక పూటంతా ఆ అద్దాల ముందే గడపండి. అక్కడ పాముకూ మీకూ మధ్య అద్దం ఉంది, ఎంతసేపు చూసినా భయం లేదు. తల ఆకారం, పొలుసుల తీరు, ఒంటిమీది మచ్చల వరస నోటుపుస్తకంలో బొమ్మ గీసుకోండి. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. గీయబోయినప్పుడే కంటికి వివరాలు కనబడతాయి.

మనదేశంలో ఎక్కువమందిని బలి తీసుకునే పాములు నాలుగు. పడగమీద కళ్ళజోడు గుర్తున్న నాగుపాము మీకు తెలుసు. కట్లపాము నల్లగా నిగనిగలాడుతుంది, దానిమీద సన్నని తెల్లని కట్లుంటాయి. రాత్రిపూట తిరుగుతుంది. దాని కాటు ఒక్కొక్కప్పుడు నొప్పి కూడా పెట్టదు, నేలమీద నిద్రపోతున్నవారికి కాటు పడిన సంగతే తెలియదు. రక్తపింజర లావుగా, వీపున గొలుసులా అల్లుకున్న గుండ్రని మచ్చలతో ఉంటుంది, కోపం వస్తే కుక్కరు ఆవిరి వదిలినట్టు బుస కొడుతుంది. నాలుగోది చిన్న పింజర. జానెడున్నర పాము ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. పొలుసులను ఒకదానితో ఒకటి రాపిడి చేసి రంపం కోసినట్టు చప్పుడు చేస్తుంది. ఆ చప్పుడు వినబడితే ఉన్నచోటే ఆగి, అది ఎక్కడుందో చూసుకుని, వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి రావాలి.

ఈ శాస్త్రానికి మన తెలుగునేలతో పాత సంబంధం ఉంది. పాట్రిక్ రసెల్ అనే స్కాట్లండు వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి, ఈస్టిండియా కంపెనీ తరఫున కోరమండల్ తీరపు పాములను సేకరించాడు. వాటి వివరాలను రంగుల బొమ్మలతో 1796లో పుస్తకంగా వెలువరించాడు. ఏది విషపుది, ఏది కాదు అని ఖచ్చితంగా తేల్చాలన్నదే ఆయన పట్టుదల. పాముల పేర్లు ఆయనకు చెప్పినవారు మనవాళ్ళే. రక్తపింజరకు ఆయన రాసుకున్న పేరు "కాటుక రేకుల పొడ". ఆ మచ్చలను చూసినవారికి ఆ పేరు ఎంత సరిగ్గా అమరిందో తెలుస్తుంది. ప్రపంచం ఇప్పుడు ఆ పామును రసెల్ పేరుతోనే పిలుస్తున్నది. పేరు చెప్పినవాడి పేరు ఎవరూ రాసిపెట్టలేదు!

పామును గుర్తుపట్టడం వచ్చిందంటే పట్టుకోవడం వచ్చినట్టేనని కొందరు పిల్లలు పొరబడతారు. 2001 సెప్టెంబరులో ఏం జరిగిందో వినండి. జోసెఫ్ స్లోవిన్‌స్కీ అనే అమెరికా శాస్త్రవేత్త బర్మా ఉత్తరపు కొండల్లో పాములను పరిశీలిస్తున్నాడు. ఆయన జీవితమంతా పాములతోనే గడిచింది. సహాయకుడు తెచ్చిన సంచిలో ఉన్నది విషం లేని పామేనన్న నమ్మకంతో చేయి పెట్టాడు. లోపల ఉన్నది కట్లపాము జాతి పిల్ల. ఆ మారుమూల అడవిలో విషానికి విరుగుడు మందు లేదు. వాన వల్ల హెలికాప్టరూ రాలేకపోయింది. మరునాడు ఆయన మరణించాడు, వయసు 38 ఏళ్ళు.

సరిగ్గా అటువంటి జంట మన ఇళ్ళల్లోనూ ఉంది. బల్లులకోసం గోడలెక్కే ఉల్ఫ్ స్నేక్, అంటే తోడేలు పాము, విషం లేనిది. దానికీ తెల్లని కట్లుంటాయి. దాని కట్లు మెడవైపు స్పష్టంగా ఉండి తోకవైపు మాసిపోతాయి, కట్లపాముకు తోకవైపే స్పష్టంగా ఉంటాయి. ఈ తేడా అద్దం ముందు నిలబడి నేర్చుకోవడానికి బాగుంటుంది. టార్చిలైటు వెలుగులో, కదులుతున్న పాముమీద దీనిని నమ్ముకుని చేయి చాచకండి.

అందుకే కొక్కెం కర్ర మీ సామానులో ఉండకూడదంటాను. కర్ర చేతిలో ఉంటే పట్టాలనిపిస్తుంది. హైదరాబాదులో 1995 నుంచి ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వారు ఇళ్ళల్లో దూరిన పాములను పట్టి అడవుల్లో వదులుతున్నారు. అది శిక్షణ పొందిన పెద్దలు చేసే పని. ఇంట్లో పాము కనబడితే వారికి గాని, అటవీశాఖకు గాని చెప్పాలి. అంతదాకా మీరు చేయవలసింది దూరంగా నిలబడి అది ఏ మూలకు పోయిందో కనిపెట్టి ఉండడమే. మరో సంగతి, 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పాములను, ఉడుములను, నక్షత్ర తాబేళ్ళను పట్టి ఉంచుకోవడం నేరం. నాగపంచమికి బుట్టల్లో నాగుపాములను తెచ్చేవారు చాలాసార్లు కోరలు పీకి, నోరు కుట్టి తెస్తారు. పాము పాలు తాగే జంతువు కాదు. పైసలిచ్చి ఆ హింసను పోషించకండి.

ఇక ఎప్పుడు వెళ్ళాలి? పాఠాలలో "శీతల రక్త జంతువులు" అని చదువుకుంటారు. ఆ మాట నాకు నచ్చదు. ఎండ కాచుకున్న తొండ రక్తం మన రక్తమంత వెచ్చగానూ ఉంటుంది. వాటి ఒంటి వేడి బయటి ఎండనుబట్టి మారుతుందనడం సరి. కాబట్టి డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం 9 దాటాక, రాళ్ళు వేడెక్కే వేళకు అవే బయటికి వస్తాయి, మీరు రాయి ఎత్తి వెదకనక్కరలేదు. రాయి ఎత్తడం ఎలాగూ కూడదు, దానికింద తేలు కూడా ఉండవచ్చు. వానాకాలపు సాయంత్రాలు, రాత్రులు వద్దేవద్దు. దేశంలో 2000 నుంచి 2019 వరకు సుమారు 12 లక్షలమంది పాముకాటుతో చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేలమందని, 2020లో ప్రచురితమైన ఒక అధ్యయనం అంచనా కట్టింది. అందులో నాలుగో వంతుకు పైగా 15 ఏళ్ళలోపు పిల్లలు. సగం మరణాలు జూన్ నుంచి సెప్టెంబరు మధ్యనే. ఎక్కువ మరణాలున్న రాష్ట్రాల జాబితాలో ఆంధ్ర, తెలంగాణ ప్రాంతం ఉంది.

మడమ దాటే బూట్లు, మందపాటి ప్యాంటు, మంచినీళ్ళ సీసా, టోపీ, ఈల, నోటుపుస్తకం, ఉంటే ఒక దుర్భిణి. చీకటి పడేలోపే తిరిగి రావాలనుకున్నా టార్చిలైటు ఉండాలి. వెంట పెద్దవారొకరు తప్పనిసరి, సైన్సు మాస్టారైతే మరీ మంచిది. పొలమైనా, దర్గా ఆవరణైనా అక్కడివారిని అడిగి లోపలికి వెళ్ళండి. అడుగు ఎక్కడ వేస్తున్నారో చూసి వేయండి, కనబడని పొదలోకీ పగుళ్ళలోకీ చేయి పోనివ్వకండి. పాము కనబడితే మీ ఎత్తుకు రెండింతల దూరంలో ఆగిపోండి. నిజం చెప్పాలంటే నాకు పాములకంటే నీటిభయమే ఎక్కువ. నీళ్ళు నిండిన క్వారీ గుంతల అంచులు జారుడుగా ఉంటాయి, లోతు తెలియదు. పాత గుమ్మటాలకు పట్టిన తేనెతుట్టెల కింద కేకలు వేయకండి.

ఇంత జాగ్రత్త తీసుకున్నా కాటు పడితే? దీనికి జవాబు బయలుదేరకముందే ఇంట్లో చెప్పుకుని ఉండాలి. పాముకాటు మందు ఉన్న ఆసుపత్రి ఏది, ఎంత దూరం, ఎవరి బండిలో వెళ్ళాలి? పాతబస్తీవారికి ఉస్మానియావంటి పెద్ద ప్రభుత్వాసుపత్రి దగ్గరే. గుట్టలవైపు వెళ్ళినవారు 108కి ఫోను చేయాలి. ఈ సేవ 2005 ఆగస్టు 15న మన హైదరాబాదులోనే మొదలైంది. కాటు పడ్డ చేయి లేక కాలు కదలకుండా, విరిగిన ఎముకను నిలిపినట్టు బద్ద కట్టి ఉంచండి. ఉంగరం, గడియారం, కడియం తీసేయండి, వాపు వస్తే అవే బిగుసుకుపోతాయి. గట్టిగా తాడు బిగించడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పసరు పోయడం ఇవన్నీ హాని చేస్తాయి. మంత్రంతో బతికారంటారే, వారిని కరిచింది విషం లేని పాము కావచ్చు, విషపు పామే అయినా విషం దించకుండా కరిచివుండవచ్చు.

పామును చంపి ఆసుపత్రికి తీసుకుపోవలసిన పని కూడా లేదు. మనదేశంలో వాడే విరుగుడు మందు ఒక్కటే నాలుగు పాముల విషానికీ పనిచేస్తుంది. ఆ నాలుగింటి విషాన్ని కొద్దికొద్దిగా గుర్రాలకు ఎక్కించి, వాటి రక్తంలో పుట్టే ప్రతిరక్షకాలనుంచి దానిని తయారు చేస్తారు. విషం సేకరించేవారిలో ముఖ్యులు తమిళనాడులోని ఇరుల గిరిజనులు, వారి సహకార సంఘం 1978 నాటిది. మందును సంచిలో పెట్టుకుని పోదామా అని ఒక విద్యార్థిని అడిగింది. కుదరదు. ఆ మందు కొందరికి పడదు, ఒంట్లో తీవ్రమైన వికారం లేస్తుంది, దానిని అదుపు చేసే వైద్యుడు పక్కనే ఉండాలి. ఆసుపత్రిలో ముందు కొంచెం రక్తం తీసి, గాజు గొట్టంలో 20 నిమిషాలు కదపకుండా ఉంచి చూస్తారు. గడ్డకట్టలేదంటే పింజర విషం పని మొదలుపెట్టిందన్నమాట. కాటు పడిన సమయం మీ నోటుపుస్తకంలో రాసి ఉంటే ఆ వైద్యులకు ఎంతో ఉపకారం.

ఆ నోటుపుస్తకం మామూలు రోజున కూడా నిండాలి. తేదీ, వేళ, చోటు, ఎండా మబ్బా, కనబడిన జంతువు ఏం చేస్తున్నది అన్నీ రాయండి. రెండు గంటలు తిరిగి ఏమీ కనబడకపోతే "ఏమీ కనబడలేదు" అని రాయండి. ఇంటికి రాగానే సంచి, బూట్లు వాకిట్లోనే బాగా దులిపి, ఆ తరువాతే లోపలికి తీసుకురండి.