గురకపెట్టే పిల్లలు, వెనకబడే చదువులు

నిద్రలో ఊపిరి సరిగా ఆడని పిల్లల్లో ఆ నష్టం రాత్రికంటే పగలే ఎక్కువ బయటపడుతుంది. రెండు నుంచి ఎనిమిదేళ్ల వయసులో ముక్కు వెనక ఉండే అడినాయిడ్లు, గొంతులోని టాన్సిల్స్ శ్వాసమార్గంతో పోలిస్తే పెద్దవిగా ఉంటాయి. నిద్రలో గొంతు కండరాలు వదులైతే దారి ఇరుకై గురక వస్తుంది. మూసుకుపోతే ఊపిరి కొన్ని క్షణాలు ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ తగ్గి నిద్ర చెదురుతుంది. పెద్దల్లో గంటకు ఐదుసార్ల లోపు ఇలా జరిగితే పట్టించుకోరు. పిల్లల్లో ఒకటి దాటినా లోపమే. స్లీప్ ఆప్నియా అనే ఈ జబ్బు 1 నుంచి 5 శాతం పిల్లల్లో ఉంటుందని అంచనా.

నిద్ర చాలని పెద్దలు కునికిపాట్లు పడతారు. పిల్లలు చాలాసార్లు కుదురు లేకుండా తిరుగుతారు, చిన్నదానికే ఏడుస్తారు, తోటివారి మీద చెయ్యి చేసుకుంటారు. విన్నది గుర్తుండదు. కొందరు పక్క తడుపుతారు, హాస్టల్లో అది నవ్వులపాలు కావడానికి చాలు. టీచరుకు మాత్రం వాళ్లు అల్లరి పిల్లలు, లేదా మొద్దులు.

అమెరికాలో వైద్యుడు డేవిడ్ గోజల్ 1998లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకటో తరగతిలో అట్టడుగున ఉన్న 297 మందిలో 54 మందికి ఈ రకం శ్వాసలోపం కనిపించింది. టాన్సిల్స్, అడినాయిడ్లు తీయించుకున్న 24 మందికి మరుసటి ఏడాది మార్కులు పెరిగాయి, మిగిలినవారికి పెరగలేదు. అయితే ఆపరేషన్‌తో తెలివి పెరుగుతుందనుకుంటే పొరపాటే. 2013లో వెలువడిన, 464 మంది పిల్లల మీద జరిగిన పెద్ద పరీక్షలో ఆపరేషన్ అయినవారికీ కానివారికీ ఏకాగ్రత స్కోర్లలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఆపరేషన్ అయినవారి ప్రవర్తన, నిద్ర మాత్రం బాగుపడ్డాయి. ఆపరేషన్ చేయకుండా గమనిస్తూ ఉంచిన పిల్లల్లోనూ దాదాపు సగం మందికి ఏడు నెలల్లో నిద్రపరీక్ష మామూలైంది.

నిర్మల్ జిల్లా ఖానాపూర్ ప్రాంతంలో ఈ విషయానికి మరో కోణం ఉంది. అది భాగమైన ఉమ్మడి ఆదిలాబాద్‌లోని ఆదివాసీ కుటుంబాల్లో సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు ఉంది. ఆక్సిజన్ తగ్గితే ఈ జబ్బు ఉన్నవారి ఎర్రకణాలు కొడవలిలా వంగుతాయి. అంటే రాత్రి ఊపిరి ఆగడం అసలు జబ్బునే రెచ్చగొట్టగలదు. సికిల్‌సెల్ ఉన్న 243 మంది పిల్లలను పరీక్షించిన 2014 నాటి అధ్యయనంలో 41 శాతం మందికి ఆప్నియా తేలింది.

ఇంట్లో అయితే గురక తల్లి చెవిన పడుతుంది. ఆశ్రమ పాఠశాలలో పిల్లలు వరుసగా పడుకుంటారు, గురక వినేది తోటి పిల్లలే. బడుల్లో ఆరోగ్య పరీక్షలు చేసే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013లో మొదలైంది. దాని జాబితాలో సికిల్‌సెల్, నేర్చుకోవడంలో లోపాలు, ఏకాగ్రత లోపం ఉన్నాయి; గురక లేదు. కారణాన్ని అడగకుండా ఫలితాన్ని నమోదు చేయడమే ఇది. రాత్రి ఎవరు గురకపెడతారని వార్డెన్‌ను ఒక్క ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు.

గురక ఉన్న ప్రతి పిల్లవాడికీ నిద్రపరీక్ష అక్కర్లేదు, ఆ సౌకర్యం పెద్ద నగరాల్లోనే ఎక్కువ. నిద్రపోతుండగా ఫోన్లో తీసిన వీడియో, రాత్రంతా వేలికి పెట్టిన పల్స్ ఆక్సిమీటర్ ఎవరిని ముందు ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపాలో తేల్చడానికి పనికొస్తాయి. తేలికపాటి సమస్యకు ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే వాడతారు. సికిల్‌సెల్ పిల్లలకు మత్తు ఇచ్చే ముందు తరచూ రక్తం ఎక్కించాల్సి వస్తుంది, ఆపరేషన్ తర్వాతా ఆక్సిజన్‌ను కనిపెట్టి చూడాలి. అందుకే వాళ్లకు ఆ ఏర్పాట్లున్న పెద్దాసుపత్రిలోనే ఆపరేషన్ చేయించాలి.