కాళ్ల కింద చెరువు

మా బావగారికి ఇద్దరు భార్యలు. ఒకరు మా అక్క. రెండోది 1971 నాటి ఎంజీబీ కారు. ఈ మాట నాది కాదు, అక్కదే!

బావగారు తెనాలి నుంచి 1979లో ఇంగ్లాండ్ వెళ్లారు. అప్పటికింకా ఆక్స్‌ఫర్డ్ దగ్గర ఆబింగ్డన్ ఫ్యాక్టరీలో ఈ ఎంజీబీలు తయారవుతున్నాయి. ముందు రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, 1800 సీసీ ఇంజను. 1962లో మొదలుపెట్టి 1980లో ఆపేసేలోపు ఐదు లక్షలకు పైగా చేశారు. చలిలో బస్సు కోసం నిలబడ్డ మా బావగారి ముందు నుంచి ఎర్ర ఎంజీబీ ఒకటి రయ్యిమని వెళ్లిందట. అది మనసులో అలాగే ఉండిపోయింది. చెల్లెళ్ల పెళ్లిళ్లు, పిల్లల చదువులు, ఇంటి అప్పు అన్నీ తీరాక, రిటైరైన ఏడాది కొనుక్కున్నారు.

నేను వాళ్లింటికి వెళ్లేసరికి ఆ కారు అమ్మకం మీద చర్చ నడుస్తోంది.

"అమ్మేస్తానోయ్. మీ అక్క ఎక్కనంటోంది" అన్నారు బావగారు, కాఫీ గ్లాసులోకి చూస్తూ.

"ఎందుకెక్కుతాన్రా? వానొస్తే కాళ్ల కింద చెరువు. అద్దం నిండా ఆవిరి. గంట ప్రయాణం చేస్తే తల బద్దలైపోతుంది" అంది అక్క.

గ్యారేజీ వాళ్లకు చూపిస్తే కింద రేకులన్నీ మార్చాలి, రెండు వేల పౌండ్లవుతుంది అన్నారట. పింఛను మీద బతికేవాళ్లకి అది చిన్న మొత్తం కాదు. "ఒక పూట నాకివ్వండి బావగారూ" అన్నాను.

కార్పెట్ ఎత్తి చూశాను. దాని కింద వేసిన మెత్త నీళ్లు పీల్చుకుని, పిండితే కారేట్టుంది. అద్దం మీద ఆవిరికి కారణం అదే. ఆ తడి లోపలి వేడికి ఆవిరై, చల్లటి అద్దానికి పడుతోంది. స్క్రూడ్రైవర్ పిడితో రేకు మీద తట్టాను. ఖంగుమంది. పైపైన తుప్పు తప్ప రేకు గట్టిగానే ఉంది. మరి నీళ్లెక్కడివి?

ఈ కార్లలో ముందు అద్దం కింద ఒక జాలీ ఉంటుంది. లోపలికి కొత్త గాలి వచ్చేది అక్కణ్నుంచే, హీటర్‌కి గాలి అందేదీ అక్కణ్నుంచే. జాలీ అన్నాక వాన పడకుండా ఉంటుందా? ఆ సంగతి తయారుచేసినవాళ్లకీ తెలుసు. అందుకే జాలీ కింద ఒక డబ్బాలాంటి అర, దాని అడుగున ఒక రబ్బరు గొట్టం పెట్టారు. నీళ్లు గొట్టంలోంచి రోడ్డు మీదికి పోతాయి, గాలి మాత్రం లోపలికొస్తుంది. మన డాబా మీద తూములాంటిదే.

ఒక చెంబుడు నీళ్లు జాలీలో పోశాను. కారు కింద ఒక్క చుక్క పడలేదు. రెండో చెంబు పోశాక అక్క సీటు ముందు బొటబొటా కారడం మొదలైంది. దొరికింది దొంగ!

కారు ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాం (ఒక్క జాకీని నమ్ముకుని కారు కింద దూరకండి, ప్రాణం మీదికొస్తుంది). గొట్టంలోకి దూర్చడానికి వంగే తీగ కావాలి. అక్క లోపలికెళ్లి పూజగది కర్టెన్‌కి ఉన్న స్ప్రింగు తీగ లాక్కొచ్చింది. కిందనుంచి పొడిస్తే కుళ్లిన ఆకులు, మట్టి పిడికెడు రాలాయి. వెనకే నల్లనీళ్లు బుడబుడా దిగాయి. రెండు వేల పౌండ్ల జబ్బుకి కర్టెన్ తీగ మందు!

పనిలో పనిగా తలుపులు చూశాం. అద్దం మీద పడ్డ వాన తలుపు లోపలికి దిగి, అడుగున ఉన్న కన్నాల్లోంచి పోవాలి. అవీ మూసుకుపోయాయి. వాటిని పుల్లతో పొడిచాం. కుడి తలుపు మీద, ముందుండే చిన్న తిరుగుడు అద్దం కింద వెంట్రుకంత పగులు కనిపించింది. ఎంజీబీలకి ఇది ఇంటిపేరులాంటిది. లప్పం పూసి రంగేస్తే నెల తిరక్కుండా మళ్లీ విచ్చుకుంటుంది. పగులు చివర చిన్న కన్నం వేస్తే అక్కడితో ఆగుతుంది. తర్వాత తీరిగ్గా వెల్డింగ్ చేయించుకోవచ్చు. తుప్పుకీ అదే నీతి. మెరిసే రేకు కనిపించేదాకా గీకి, తుప్పు మందు రాసి, ప్రైమర్ వేసి ఆపైన రంగు వేయాలి. తుప్పు మీదే లప్పం పెడితే చీముపట్టిన పుండుకి కట్టు కట్టినట్టే.

తలుపుల కింద పొడుగునా ఉండే రేకు పెట్టెలు మాత్రం వేరే సంగతి. ఈ కారుకి విడిగా ఛాసిస్ లేదు, పైన కప్పూ లేదు. బరువంతా వాటి మీదే. అవి పుచ్చిపోతే కారు నడుములో కుంగుతుంది. తలుపు చుట్టూ సందు ఒకచోట ఇరుకుగా, ఒకచోట వెడల్పుగా కనిపిస్తే అనుమానించాలి. ఆ పని ఇంట్లో చేసుకునేది కాదు. బావగారి అదృష్టం, అవి బాగానే ఉన్నాయి.

నీళ్ల సంగతి తేలింది. తలనొప్పి మిగిలింది.

"ముక్కవాసనకి వచ్చి ఉంటుందిలే" అన్నారు బావగారు.

"అక్కా, అద్దం దించితే తగ్గుతుందా?" అడిగాను.

"తగ్గుతుంది. ఇంటికొచ్చి కాసేపు బయట కూర్చుంటే పూర్తిగా పోతుంది. మీ బావకీ కళ్లు మూతలు పడుతుంటాయి, వయసనుకున్నాం."

నాకు ఒళ్లు జలదరించింది. ఇంట్లో గోడకి పెట్టిన కార్బన్ మోనాక్సైడ్ అలారం తీసుకుని, టాపు వేసి బయల్దేరాం. అరగంట తిరక్కముందే దాని మీద అంకె పెరగసాగింది. అద్దాలు దించేసి, నెమ్మదిగా ఇంటికి తిరిగొచ్చాం. ఎవరూ మాట్లాడలేదు.

ఆ వాయువుకి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవాల్సిన పీట మీద అది కూర్చుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత తల తిరగడం, వికారం, మగత. డ్రైవరుకే మగతొస్తే ఇక చెప్పేదేముంది?

మర్నాడు వెతికాం. ఇంజను దగ్గర పొగగొట్టం అతుకు చుట్టూ మసి. అంటే అక్కడ లీకుంది. ఇంజనుకీ మన కాళ్లకీ మధ్య గోడలో వైర్లు వెళ్లే చోట రెండు రబ్బరు బిళ్లలు ఊడిపోయాయి. డిక్కీ రబ్బరు ఎండి చదునైపోయింది. కారు పరుగెత్తుతుంటే వెనక సుళ్లు తిరిగే పొగని ఆ సందులే లోపలికి లాక్కుంటాయి. అతుకు గ్యారేజీలో బిగింపించాం. రబ్బర్లు మేమే వేసుకున్నాం. మళ్లీ అలారం పెట్టుకుని గంటసేపు తిరిగాం. అంకె సున్నా దగ్గర్నుంచి కదల్లేదు.

మనకెందుకీ ఇంగ్లాండ్ కారు గొడవ అంటారా? మీ కారుకీ ముందు అద్దం కింద జాలీ ఉంది. వేపచెట్టు కింద పెడితే ఆకులు అందులోకే చేరతాయి. వానలు రాకముందే ఓసారి ఊడ్చండి. తలుపుల అడుగు కన్నాలు చూసుకోండి. అన్నిటికన్నా ముఖ్యం, ఇంజను ఆన్‌లో ఉంచి, ఏసీ వేసుకుని, అద్దాలు మూసి కార్లో నిద్రపోకండి. మూసిన షెడ్డులో ఇంజను నడపకండి. పిల్లలెవరైనా కార్లో తలనొప్పంటే వంక అనుకోకుండా ముందు అద్దాలు దించండి.

మొన్న ఆదివారం అక్క ఫోన్ చేసింది. సముద్రం దాకా వెళ్లొచ్చారట.

"తలనొప్పి వచ్చిందా?" అన్నాను.

"కారు వల్ల రాలేదురా. దారి పొడుగునా మీ బావ పాడిన పాటల వల్ల వచ్చింది!"