ఒకటో తారీఖు జట్టు

ఫుట్‌బాల్ జట్టు బాగోగులు తెలుసుకోవాలంటే అందరూ పాయింట్ల పట్టిక చూస్తారు. నేనైతే ఒకటో తారీఖు చూడమంటాను. ఆ రోజు ఆటగాళ్ళకు జీతాలు అందాయా లేదా అన్న ఒక్క ముక్క తెలిస్తే, వచ్చే ఏడాది ఆ జట్టు ఎక్కడ తేలుతుందో చెప్పడానికి పెద్ద విశ్లేషకుడు అక్కరలేదు. ఇల్లు నడుపుకొచ్చే ఏ ఇల్లాలిని అడిగినా చెబుతుంది.

ఇంటి లెక్కలకు ఒక వరుస ఉంది. ముందు అద్దె. తర్వాత పాలు, పనమ్మాయి జీతం, కరెంటు. ఆపైన పిల్లల ఫీజు, కిరాణా కొట్టు బాకీ. ఇవన్నీ పోగా మిగిలితేనే హోటలు, సినిమా, పండగ బట్టలు. మా ఆవిడ ఈ వరుసను చచ్చినా తప్పనివ్వదు. పనమ్మాయికి ఇవ్వాల్సింది ఇవ్వకుండా మనం బిర్యానీ తెప్పించుకుంటే అది అరగదు అంటుంది. ఆవిడకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. అయినా హైదరాబాద్ ఎఫ్‌సీ సంగతి నాకన్నా ముందు ఆవిడకే అర్థమైందని చెప్పక తప్పదు.

ఫుట్‌బాల్ చూడని మిత్రుల కోసం ఆ సంగతి టూకీగా. పుణె జట్టు మూతపడ్డాక 2019లో దాని స్థానంలో ఐఎస్ఎల్‌లోకి వచ్చిన క్లబ్బు ఇది. సొంతగడ్డ గచ్చిబౌలి మైదానం. మొదటి సీజన్‌లో అట్టడుగు స్థానం. ఆ తర్వాత మనోలో మార్కెజ్ అనే స్పెయిన్ శిక్షకుడు వచ్చి, పెద్దగా పేరులేని కుర్రాళ్ళను పోగేసి, చూడముచ్చటైన జట్టును తయారుచేశాడు. నైజీరియా ఆటగాడు ఒగ్‌బెచె 2021-22 సీజన్‌లో 18 గోళ్ళు కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. మైదానం నిండా కేరళ అభిమానుల పసుపు సముద్రం. తమాషా ఏమిటంటే మన రంగూ పసుపే. ఆ రోజు పసుపు మన వంతుకొచ్చింది, కేరళ జట్టు నల్ల చొక్కాలతో ఆడవలసి వచ్చింది. ఆట ముగియవస్తుండగా సాహిల్ తవోరా స్కోరు సమం చేశాడు. పెనాల్టీల్లో మన గోలుకీపరు కట్టిమణి మూడు ఆపాడు. అందులో ఒకదాన్ని రిఫరీ మళ్ళీ కొట్టమంటే మళ్ళీ ఆపాడు! గోవావాడైన కట్టిమణి సొంత ఊళ్ళాంటి మైదానంలో హైదరాబాదుకు కప్పు తెచ్చిపెట్టిన ఆ రాత్రి గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. కానీ చెప్పదలచుకున్నది వేరే ఉంది కనుక ఇక్కడికి ఆపుతాను.

కరోనా బుడగలోంచి బయటపడి జట్టు గచ్చిబౌలికి తిరిగొచ్చింది 2022-23 సీజన్‌లో. అప్పుడు అభిమానికి అయ్యే ఖర్చెంతో లెక్క చెప్పాలి. ఎందుకంటే 'హైదరాబాదువాళ్ళకు ఫుట్‌బాల్ పట్టదు, మైదానం ఎప్పుడూ ఖాళీయే' అనేవాళ్ళు ఈ లెక్క ఎన్నడూ వేయలేదు. మేముండేది మల్కాజిగిరి వైపు. నేనూ మావాడూ మెట్టుగూడలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాలి, అక్కడితో మెట్రో ఆఖరు. అక్కణ్ణుంచి మైదానానికి ఆటో. రాత్రి ఏడున్నరకు మొదలైన ఆట తొమ్మిదిన్నరకు ముగిసేది. తిరుగు ప్రయాణంలో ఆటోవాడు చెప్పిందే రేటు. టికెట్లు, మధ్యలో సమోసాలు, నీళ్ళసీసా అన్నీ కలిపితే ఇద్దరికీ వెయ్యికి అటూ ఇటూ తేలేది. ఆ సీజన్ ముగిసిన 2023 మార్చిలో హైదరాబాదులో గ్యాస్ బండ ధర 1155 రూపాయలు. అంటే ఒక ఆట సుమారుగా ఒక బండ. లీగులో సొంతగడ్డ మీద పది ఆటలు, అనగా పది బండలు. నలుగురున్న ఇంటికి అది దాదాపు ఏడాది వంట. పొద్దున్నే పిల్లల్ని బడికి పంపాల్సిన కుటుంబం, నగరం ఆ చివర నుంచి ఈ చివరకు, వారం మధ్యలో, ఏడాది గ్యాసు ఖర్చు పెట్టుకుని రాకపోతే దాన్ని నిరాసక్తత అనడం అన్యాయం. మేము పదికి ఐదు చూశాం. ఏ ఐదు చూడాలో మా ఆవిడే నిర్ణయించింది, జీతం వచ్చిన వారంలో పడే ఆటలు ముందు.

ఆ సీజన్‌లో జట్టు పట్టికలో రెండోస్థానంలో నిలిచి, సెమీఫైనల్లో పెనాల్టీల్లో ఓడింది. బాధపడ్డాం కానీ దిగులుపడలేదు. అసలు దిగులు 2023 వేసవి తర్వాత మొదలైంది. మార్కెజ్ గోవా జట్టుకు వెళ్ళాడు, ఒగ్‌బెచె వెళ్ళిపోయాడు. ఆ జులైలోనే టమాటా కిలో వంద దాటింది. మా ఇంట్లో చింతపండు పులుసులు, నిమ్మకాయ పులిహోరలతో నెల గడిచింది. టమాటా పప్పు మానేశాం కానీ పాలవాడికి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. ఇల్లు నడవడమంటే ఇదే కదా, కోత పెట్టుకునేది మన కంచంలో, ఎదుటివాడి కంచంలో కాదు.

క్లబ్బులో జరిగింది దీనికి తలకిందులు. జీతాలు నెలల తరబడి నిలిచిపోయాయి. ఫిఫా నుంచి బదిలీ నిషేధం వచ్చింది, ఎందుకంటే పాత ఆటగాళ్ళ బాకీలు తీర్చలేదు. కొత్తవాళ్ళను తెచ్చుకునే దారి మూసుకుపోయింది, ఉన్నవాళ్ళు 2024 జనవరికల్లా ఒకరి వెనుక ఒకరు వెళ్ళిపోయారు. విదేశీ ఆటగాళ్ళలో మిగిలింది ఒక్క జొవావో విక్టర్. ఆ బ్రెజిల్ మనిషి, కప్పు గెలిచిన జట్టుకు నాయకుడు, చివరిదాకా ఉన్నాడు. మిగతాదంతా పద్దెనిమిదీ ఇరవై ఏళ్ళ పిల్లలు. మిజోరం, మణిపూర్, కశ్మీర్, కేరళల నుంచి వచ్చినవాళ్ళు. తంగ్‌బోయ్ సింగ్‌తో వాళ్ళను వెంటేసుకుని ఊరూరా తిరిగాడు. 22 ఆటల్లో ఒక్కటే గెలుపు, 2024 మార్చిలో చెన్నైలో చెన్నయిన్ మీద 1-0. మొత్తం 8 పాయింట్లు, పట్టికలో ఆఖరు. ఆ ఒక్క గెలుపు నాటి రాత్రి మావాడు కప్పు గెలిచినప్పటికన్నా ఎక్కువ గంతులేశాడు. వాడితో నేనూ.

ఇక్కడే తోటి అభిమానులతో నాకు పేచీ. వెళ్ళిపోయిన ఆటగాళ్ళను చాలామంది తిట్టారు. 'జెర్సీ మీద ప్రేమ ఉంటే ఉండేవాళ్ళు' అన్నారు. ఈ మాట అన్నవాళ్ళలో ఎంతమంది తమ ఆఫీసులో నాలుగు నెలలు జీతం లేకుండా కంపెనీ బొమ్మ మీద ప్రేమతో పనిచేస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది. ఆటగాడు కూడా సంసారే. అతనికీ అద్దె ఉంటుంది, ఊళ్ళో అమ్మానాన్నలుంటారు, చెల్లెలి పెళ్ళి ఉంటుంది. పైగా అతని ఉద్యోగం ముప్ఫై మూడేళ్ళకో, ముప్ఫై అయిదేళ్ళకో ముగుస్తుంది. మోకాలు విరిగితే ఇంకా ముందే. మనకు అరవై దాకా ఒకటో తారీఖులుంటాయి, అతనికి లెక్కపెట్టినన్నే. అందులో ఆరు మింగేసి ప్రేమ చూపించమంటే ఎలా? ఆటగాళ్ళన్నా పేర్లతో తెలుస్తారు, పత్రికల్లో రాస్తారు. ఏ క్లబ్బులోనైనా బట్టలుతికేవాడు, బస్సు నడిపేవాడు, గడ్డి కోసేవాడు ఉంటారు. వాళ్ళ బాకీల గురించి ఫిఫాకు ఎవరు రాస్తారు?

హైదరాబాదు ఫుట్‌బాల్ స్వర్ణయుగం అని మనం మురిసిపోయే కాలం ఒకటుంది. సిటీ పోలీసు జట్టు బొంబాయి రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం వృత్తిరీత్యా బడిపంతులు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగోస్థానం దాకా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం దాకా నడిపినవాడు. ఆ మరుసటి ఏడే క్యాన్సరుతో పోయాడు. ఈయన వ్యూహాల గురించి చాలానే రాశారు, 2024లో 'మైదాన్' సినిమా కూడా వచ్చింది. అందరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ జట్టు ఆటగాళ్ళు పోలీసు ఉద్యోగులు. చిన్న జీతమే కావచ్చు, కానీ నెల తిరిగేసరికి అందేది. గెలిచినా ఓడినా ఇంట్లో పొయ్యి వెలుగుతుందన్న ధీమా మీద నిలబడ్డ ఆట అది. పాస్ ఇవ్వడానికి తల పైకెత్తి చూడాలంటే మనసులో రేపటి బియ్యం బెంగ ఉండకూడదు.

తులసీదాస్ బలరాం సంగతే చూడండి. సికింద్రాబాదు పక్కన అమ్ముగూడలో పుట్టిన పేదింటి పిల్లవాడు. రోజూ హైదరాబాదు దాకా సాధనకు రావడానికి డబ్బుల్లేవంటే రహీం సాబే అద్దె సైకిలుకు ఏర్పాటు చేశాడని చెబుతారు. సైకిలు అద్దె ఎంతైనా అప్పట్లో అది అణాల లెక్క. ఆ అణాలు దొరక్కపోతే మనకు రెండు ఒలింపిక్స్ ఆడిన బలరాం ఉండేవాడు కాడు. ఆయన 1957లో కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు వెళ్ళాడు, తర్వాత రైల్వే జట్టు బీఎన్ఆర్‌కు మారాడు. చివరికి అక్కడే స్థిరపడి 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. మన ఊరి బిడ్డ మళ్ళీ మన ఊరివాడు కాలేదు. ఎందుకు కాలేదని అడిగితే జవాబు మళ్ళీ ఉద్యోగం దగ్గరికీ ఇంటి ఖర్చు దగ్గరికే వస్తుంది.

పోలీసు జట్టు రోజులు తిరిగి రావాలని నేను కోరడం లేదు. ఈ కాలపు లీగుకు క్లబ్బులూ, పెట్టుబడులూ కావాలి, కాదనను. కానీ అద్దె ఇంట్లో దిగేటప్పుడు ఇంటాయన మన దగ్గర రెండు నెలల అడ్వాన్సు పుచ్చుకుంటాడు కదా, అలాంటి షరతు కోట్లలో వ్యవహారం నడిపే క్లబ్బులకు ఎందుకు ఉండకూడదు? సీజన్ మొదలయ్యే ముందే ఆరు నెలల జీతాల డబ్బు సమాఖ్య దగ్గర జమకట్టాలి. కట్టలేనివాడు చిన్న జట్టుతో దిగాలి, లేదా దిగకూడదు. నా దృష్టిలో ఇంతకన్నా పెద్ద సంస్కరణ ఏదీ లేదు. విదేశీ ఆటగాళ్ళెందరుండాలి, కృత్రిమ గడ్డి ఉండాలా అన్న చర్చలన్నీ దీని తర్వాతే. ఇది ఒక్క మన క్లబ్బు జాడ్యమూ కాదు. 2025లో లీగు ఒప్పందం సంగతి తేలక సీజన్ వాయిదా పడినప్పుడు, ఆగస్టులో బెంగళూరు వంటి పేరున్న క్లబ్బు సైతం మొదటి జట్టు జీతాలు నిలిపేసింది. తమ తప్పేమీ లేదని వాళ్ళంటారు, కొంత నిజమే కావచ్చు. ఆటగాడి ఇంటద్దెకు మాత్రం ఆ నిజంతో పనిలేదు.

మన క్లబ్బుకు 2024లో కొత్త యాజమాన్యం వచ్చింది. ఆ సీజన్ చివరికి 13 జట్లలో 12వ స్థానం. 2025లో జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పేరు, రంగు, ఊరు మూడూ మారాయి. డబ్బు పెట్టేవాడు తనకు గిట్టుబాటయ్యే చోటికి పోతాడు, అతన్ని నిందించి లాభం లేదు. ఆరేళ్ళు ఈ నగరంలో ఉన్నా జట్టుకు ఒక ఇల్లు ఏర్పడకపోవడమే నా బాధ. నగరం నాలుగు మూలలా పిల్లల జట్లు పెట్టి, బడుల్లోకి వెళ్ళి, ఆట సమయాన్ని ఒక గంట ముందుకు జరిపి ఉంటే, ఆ తరలింపు నాడు అడ్డం పడి ఏడ్చేవాళ్ళు కొన్ని వేలమంది ఉండేవారు. ఢిల్లీ వార్త వచ్చిన రోజు మా వీధిలో దాని గురించి మాట్లాడింది మేమిద్దరమే.

మావాడిప్పుడు ఇంటరులో ఉన్నాడు. ఢిల్లీ జట్టును చూడాలా వద్దా అని వాడికీ నాకూ ఇంకా తగువు నడుస్తోంది. వాడు చూడనంటాడు. నేను అందులో మన పాత కుర్రాళ్ళు ఎవరైనా ఆడినన్నాళ్ళు చూస్తానంటాను. ఈలోగా ఊరవతల అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ వాళ్ళ మైదానం ఉందనీ, అక్కడికి వెళ్దామనీ వాడే ప్రతిపాదించాడు. మల్కాజిగిరి నుంచి దారి గచ్చిబౌలి కన్నా దూరం. వాళ్ళమ్మ లెక్కల పుస్తకం తెరిచి రానూపోనూ ఆటో ఎంతవుతుందో కనుక్కోమంది. గ్యాస్ బండ మీద మరో 50 పెరిగింది 2025 ఏప్రిల్‌లోనే, ఆ సంగతీ గుర్తుచేసింది. నెలకొకటి మించకుండా, మొదటి వారంలో అయితే సరేనంది.