ఒక్క పరీక్షతో తేలే జబ్బు కాదు లూపస్

రక్తపరీక్షలో ఏఎన్‌ఏ (యాంటీ న్యూక్లియర్ యాంటీబాడీ) 'పాజిటివ్' అని వస్తే చాలు, లూపస్ వచ్చేసిందని ఇంటిల్లిపాదీ హడలిపోతున్నారు. మరోవైపు నిజంగా ఆ జబ్బున్న వాళ్లు రక్తహీనతకనీ, కీళ్లవాతానికనీ, టీబీకనీ మందులు మింగుతూ నెలల తరబడి ఆస్పత్రులు మారుతున్నారు. రెండు పొరపాట్లకూ మూలం ఒక్కటే. రోగిని నిదానంగా చూసి పరీక్ష రాయడం తగ్గి, రిపోర్టు చూసి రోగానికి పేరు పెట్టడం పెరిగింది.

రోగనిరోధక వ్యవస్థ సొంత కణాల మీదికే తిరగబడటం లూపస్. బాధితుల్లో పదిమందికి తొమ్మిది మంది మహిళలే, అందులోనూ ఎక్కువమంది పిల్లలను కనే వయసువారు. చర్మం, కీళ్లు, రక్తం, ఊపిరితిత్తుల పొర, మూత్రపిండాలు, మెదడు... దేన్నయినా ఇది తాకగలదు. జుట్టు రాలుతోందని ఒక డాక్టరు దగ్గరికి, కీళ్లు నొస్తున్నాయని మరో డాక్టరు దగ్గరికి తిరిగే రోగి కథ ఏ ఒక్క ఓపీ చీటీలోనూ పూర్తిగా ఉండదు.

ఏఎన్‌ఏ విలువ ఎంతో, హద్దు ఎక్కడో తెలియాలి. హెప్-2 కణాలపై చేసే ఇమ్యునోఫ్లోరోసెన్స్ పద్ధతిలో 1:80 పలుచన దగ్గర లూపస్ రోగుల్లో సుమారు 98 శాతం మందికి ఇది పాజిటివ్ వస్తుంది. అదే పలుచనలో ఆరోగ్యవంతుల్లోనూ పది మందిలో ఒకరికి పైగా పాజిటివ్ రావచ్చు. థైరాయిడ్ జబ్బుల్లో, కొన్ని ఇన్‌ఫెక్షన్లలో కూడా వస్తుంది. అంటే, నెగెటివ్ వస్తే లూపస్ అనుమానం చాలావరకు తీరుతుంది, పాజిటివ్ వస్తే మాత్రం అసలు విచారణ అప్పుడే మొదలవుతుంది.

ఆ విచారణకు 2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు ఇచ్చిన కొలమానం ఆసరా. ఏఎన్‌ఏ అందులో ప్రవేశ ద్వారం మాత్రమే, దానికి మార్కులు లేవు. వార్డులో చేరిన పాతికేళ్ల యువతిని ఊహించండి. తగ్గని జ్వరానికి 2, కీళ్ల వాపులకు 6, లక్షలోపు పడిపోయిన ప్లేట్‌లెట్లకు 4, రోజుకు అర గ్రాము దాటి మూత్రంలో పోతున్న ప్రోటీనుకు 4. మొత్తం 16. పది లేదా అంతకంటే ఎక్కువ వస్తే, వాటిలో కనీసం ఒక శారీరక లక్షణం ఉంటే, లూపస్ కింద వర్గీకరించవచ్చు. అయితే ప్రతి లక్షణానికీ అంతకంటే బలమైన కారణం వేరే లేదని తేల్చుకున్నాకే మార్కు వేయాలి. డెంగీ, టీబీ తిరుగాడే మన ప్రాంతాల్లో ఈ షరతే కీలకం. ఇన్‌ఫెక్షన్‌ను లూపస్ అనుకుని స్టెరాయిడ్లు మొదలుపెడితే ప్రాణం మీదికి వస్తుంది. పైగా ఈ కొలమానం పరిశోధనల కోసం రూపొందింది. తుది నిర్ణయం వైద్యుడిదే.

మన దగ్గర తరచూ చూపు దాటిపోయేవి రెండు. ఒకటి ముఖం మీది మచ్చ. పుస్తకాల్లో ఎర్రగా కనిపించే ఆ సీతాకోకచిలుక మచ్చ చామనఛాయ ఒంటిమీద నల్లగా, గోధుమ రంగులో కనిపించి మంగుగా చెలామణీ అవుతుంది. ముక్కు పక్క నుంచి పెదవి వైపు దిగే మడతను అది సాధారణంగా వదిలేస్తుంది. ఎండలో తిరిగితే ముదురుతుంది. రెండోది మూత్రం. మూత్రపిండాలు దెబ్బతింటున్నా నొప్పి ఉండదు, తొలిదశలో క్రియాటినిన్ కూడా మామూలుగానే ఉండొచ్చు. ముందుగా బయటపెట్టేది చవకైన మూత్రపరీక్షే. అందులో తేడా కనిపిస్తే డీఎస్‌డీఎన్‌ఏ యాంటీబాడీలు, సీ3, సీ4 అనే కాంప్లిమెంట్ ప్రోటీన్ల స్థాయిలు, అవసరమైతే కిడ్నీ బయాప్సీ వరకు వెళ్లాలి.

చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవేమీ కావు. వారాల తరబడి జ్వరం, కీళ్ల నొప్పులు ఉన్న ప్రతి యువతికీ మూత్రపరీక్ష, పూర్తి రక్తకణాల లెక్క తప్పనిసరి కావాలి. ఏ పద్ధతిలో, ఎంత పలుచనలో పరీక్షించారో ల్యాబులు ఏఎన్‌ఏ రిపోర్టుపై ముద్రించాలి. లక్షణాలేవీ లేని వారికి హెల్త్ ప్యాకేజీల్లో కలిపి ఈ పరీక్ష అమ్మడం ఆగాలి. జిల్లా ఆస్పత్రి నుంచి రుమటాలజీ నిపుణుడి దాకా రెఫరల్ దారి తెరిచి ఉంచడం ప్రభుత్వాల పని. రోగి సమాచారమంతా ఒకే ఫైలులో పెట్టి, తీరిగ్గా చదివే పని మాత్రం ప్రతి వైద్యుడిదీ.