నేపాల్ యాత్రకు ఆధార్ ఒక్కటే చాలదు



రాయగడ, కొరాపుట్ నుంచి మనవాళ్లు మళ్లీ పశుపతినాథ్, ముక్తినాథ్ యాత్ర మాట్లాడుకుంటున్నారు. సంతోషం. కానీ "నేపాల్‌కి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు" అని ఒక మాట తిరుగుతోంది. అందులో మొదటి సగం నిజం. రెండో సగం అందరికీ నిజం కాదు.

కిందటి యాత్రలో మాతో వచ్చిన ఒక అక్క సంగతి చెబుతాను. ఆవిడకు 62 ఏళ్లు. భర్త లేరు, చెల్లెలితో కలిసి బయలుదేరారు. చేతిలో ఆధార్ ఉంది. ఎప్పుడో కొడుకు దగ్గరికి మస్కట్ వెళ్లిన పాస్‌పోర్టు ఉంది, దాని గడువు తీరి నాలుగేళ్లయింది. విశాఖ మీదుగా ఢిల్లీ చేరాం. ఖాట్మండు విమానం కౌంటర్‌లో ఆవిడను ఆపేశారు. ఓటరు కార్డు ఉందా అన్నారు. అది రాయగడలో బీరువాలో ఉంది. చెల్లెలు కూడా యాత్ర మానుకుని అక్కను వెనక్కి తీసుకెళ్లింది. "నేను ఈ దేశం మనిషిని కాదా బాబూ?" అని ఆవిడ అడిగితే నాకు నోట మాట రాలేదు.

కౌంటర్‌లో వాళ్లను నేను తప్పుపట్టను. తప్పు నాది. సర్వీసంతా టికెట్లు రాసినవాణ్ణి, అందరి పేరు, వయసు రాసుకున్నాను గానీ ఏ కార్డు తెస్తున్నారని ఒక్కరినీ అడగలేదు.

1950 ఒప్పందం ఉంది కాబట్టి నేపాల్‌కు మనకు వీసా అక్కర్లేదు. కానీ భారతీయులమని చూపించాలి. ఆధార్ ఇక్కడ నివసించేవాళ్లకు ఇచ్చేది, పౌరసత్వానికి రుజువు కాదు. అందుకే గడువున్న పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అడుగుతారు. 15 ఏళ్ల లోపు పిల్లలకు, 65 దాటినవాళ్లకు మాత్రం ఆధార్ చెల్లుతుందని 2019లో కేంద్ర హోం శాఖ చెప్పింది. మనవాళ్లు పొరబడేది ఇక్కడే. రైల్లో మగవాళ్లకు 60కి, ఆడవాళ్లకు 58కే రాయితీ ఉండేది, 2020 మార్చిలో ఆపేశారు. ఆ అలవాటుతో అరవై దాటితే అన్నిచోట్లా సీనియర్లమే అనుకుంటాం.

"బస్సులో సునౌలీ దాటితే ఎవరూ అడగరు" అని కొందరు అంటున్నారు. అడగని రోజు ఉంటుంది, అడిగే రోజూ ఉంటుంది. అక్కడ ఒంట్లో బాగోలేక విమానంలో రావాల్సి వస్తే? ఖాట్మండులో మన రాయబార కార్యాలయం తిరిగి రావడానికి ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. గల్ఫ్‌లో మనవాళ్లు ఔట్‌పాస్ అనేది అదే. జ్వరంతో ఉన్న ముసలివాళ్లు దానికోసం ఆఫీసు చుట్టూ తిరగగలరా?

ఇంకో చిక్కు పేర్లది. నేను తమిళ మీడియంలో చదివాను. నా సర్టిఫికెట్‌లో నాన్నగారి పేరు ఒక్క పొడి అక్షరం. ఓటరు కార్డులో ఒడియా పద్ధతిలో ఇంటిపేరు చివరికి పోయింది. పాస్‌పోర్టు ఫారంలోనేమో పొడి అక్షరాలు పనికిరావు, విడగొట్టి పూర్తిగా రాయాలి. ముగ్గురు మనుషుల కాగితాల్లా ఉన్నాయి నావి! మీ ఇళ్లలోనూ ఇంతే ఉంటుంది. ఓటరు కార్డులో తప్పుంటే ఫారం 8 ఇచ్చి దిద్దించుకోవచ్చు. పాస్‌పోర్టుకు గడువు ఇంకా ఏడాది ఉండగానే కొత్తదానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. గడువు తీరి మూడేళ్లు దాటితే ఆ సంగతి ఫారంలో వేరుగా చూపించాలి. పాతదాన్ని పారేయకండి. అందులో అమెరికా వీసా ఇంకా చెల్లుతుంటే కొత్తదానితో కలిపి చూపించవచ్చు.

నా అభిప్రాయం ఒక్కటే. ఈసారి సంఘం ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకునే ముందు కార్డు చేత్తో పట్టుకుని చూడాలి. ఫోన్‌లో ఫొటో కాదు, అసలు కార్డు. పేరు, వయసు, గడువు మూడూ చూశాకే టికెట్. ఆ పని నేను చేస్తాను, ఆదివారాలు కూర్చుంటాను. ఆ అక్కను, చెల్లెలిని ఈసారి మొదటి పేర్లుగా రాద్దాం.