క్రూజ్ స్విచ్చికి నా ప్యాచ్

కారు స్టార్టు చేసిన ప్రతిసారీ క్రూజ్ కంట్రోల్ మెయిన్ స్విచ్చి మళ్ళీ నొక్కాలన్న రూలంటే నాకు మొదట్నుంచీ చిరాకే. రేడియో స్టేషను గుర్తుంటుంది, ఏసీ గుర్తుంటుంది, ఇదొక్కటి మాత్రం రోజూ పొద్దున్నే కొత్తగా పుట్టినట్టు ఆఫ్‌లో ఉంటుంది. పైగా నా పాత కారులో ఆ స్విచ్చి డ్యాష్‌బోర్డు కింద ఎడంచేతి మూల, స్టీరింగు చాటున ఉంటుంది. సెట్, రెజ్యూమ్ బటన్లేమో స్టీరింగు మీద. టర్న్‌పైక్ మీద 65 మైళ్ళ స్పీడులో వంగి దాన్ని తడుముకోవడం ఏం సేఫ్టీయో ఆ డిజైను చేసినవాడే చెప్పాలి.

అన్నట్టు, క్రూజ్ కంట్రోల్ కనిపెట్టిన రాల్ఫ్ టీటర్‌కి అయిదేళ్ళ వయసులోనే చూపు పోయింది. ఎప్పుడూ పక్కన కూర్చుని ప్రయాణించేవాడు కాబట్టే బండి కుదుపులు ఆయనకి మనకంటే బాగా తెలిశాయేమో. 1950లో పేటెంటు వచ్చింది, 1958లో క్రైస్లర్ వాళ్ళ ఇంపీరియల్ కారులో అమ్మకానికొచ్చింది.

సరే, విషయానికొస్తా. ఈ చిరాకుకి రెండు మందులున్నాయి. స్విచ్చిని చేతికందే చోటికి తేవడం ఒకటి, అసలు నొక్కే పనే లేకుండా చేయడం ఇంకోటి. నా కారులో ఈ బటను నొక్కినంతసేపే కలిసే రకం. ఆన్ అయిన సంగతి గుర్తుపెట్టుకునేది కంప్యూటరు. కాబట్టి ఇగ్నిషన్ పడిన రెండు సెకన్లకి ఓ చిన్న మైక్రోకంట్రోలర్ మన బదులు నొక్కినట్టు సిగ్నలిస్తే చాలు. పాతిక లైన్ల కోడు. "ఆదివారం కూర్చుంటే అయిపోద్ది గురూ" అని మా ఆఫీసులో ఒకాయన తెగ ఉత్సాహపడ్డాడు కూడా :-)

నేను మొదటిదే చేశాను. పాత బటనుకి పారలల్‌గా రెండు వైర్లు లాగి గేరు పక్కన ఇంకో బటను పెట్టాను. ఏది నొక్కినా పనిచేస్తుంది. స్టీరింగు జోలికి మాత్రం పోలేదు, అక్కడ ఎయిర్‌బ్యాగ్ ఉంది.

రెండోది ఎందుకు వద్దంటున్నానంటే, మెయిన్ ఆన్‌లో ఉండి స్పీడు ఓ పాతిక మైళ్ళు దాటితే, సెట్ బటనుకి వేలు తగిలినా చాలు, అదే స్పీడు పట్టేసుకుంటుంది. ఊళ్ళో సిగ్నల్ చూసి యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తాం, బండి నెమ్మదించదు. బ్రేకు తొక్కితే వదిలేస్తుంది, నిజమే. కానీ ఏమైందో అర్థమయ్యేలోపు ముందు కారు దగ్గరికొచ్చేస్తుంది. బద్ధకం కొద్దీ ప్రొడక్షన్ సర్వర్లో ఎప్పుడూ రూట్‌గానే లాగినై ఉండేవాణ్ణి మనం ఏమంటాం?

అదీగాక ఆ కారు మా ఆవిడ కూడా నడుపుతుంది, తను క్రూజ్ ముట్టుకోదు. రేపు దాన్ని అమ్మేది కూడా ఎవరికి? కొత్తగా దిగిన ఏ ఎమ్మెస్ కుర్రాడికో. లైసెన్సు చేతికొచ్చి నెల కూడా కాని వాడికి, డాక్యుమెంటేషన్ లేని ప్యాచ్‌తో సహా!

కరెంటు సంగతి వేరే. బ్రేకు తొక్కగానే క్రూజ్‌ని ఆపేసే స్విచ్చికి చాలా ఫోర్డ్ బళ్ళలో ఇగ్నిషన్ తీసేసినా కరెంటు అందుతూనే ఉండేది. లోపలి పల్చటి పొర దెబ్బతిని బ్రేక్ ఆయిల్ కరెంటు వైపుకి కారడంతో, పార్కింగులో ఉన్న బళ్ళు కూడా అంటుకున్నాయి. 1999 నుంచి 2009 దాకా విడతలు విడతలుగా దాదాపు కోటీ నలభై లక్షల బళ్ళు వెనక్కి పిలిచారు. అంత పెద్ద కంపెనీకే తప్పనప్పుడు, ఇంటి గరాజ్‌లో సోల్డరింగు చేసే మనమెంత? అందుకే నా బటనుకి విడిగా బ్యాటరీ లైను ఇవ్వలేదు, పాత బటను సర్క్యూటే.

ఫ్యూజు బాక్సు మూత లోపల వైరింగు బొమ్మ గీసి అంటించాను. మైక్రోకంట్రోలర్ పెట్టేసుకున్నవాళ్ళు కారు అమ్మేముందు దాన్ని పీకేయండి. లేదా ఎలా పీకాలో ఓ కాగితం మీద రాసి ఇవ్వండి.