మూడుకు రెండు

ఇరవై ఏళ్లుగా ఏడో తరగతికి నిష్పత్తులు చెబుతున్నాను. ‘ఇవి ఎక్కడ పనికొస్తాయి టీచర్?’ అని పిల్లలడిగితే పండ్లు, పెన్సిళ్ల ఉదాహరణలే చెప్పేదాన్ని. ఈ వేసవిలో మా అబ్బాయి ఆడే ఫ్యాక్టోరియో అనే కంప్యూటర్ ఆట చూశాక నా జవాబు మారింది.

చెక్ రిపబ్లిక్‌లో తయారైన ఈ ఆట 2020లో పూర్తి రూపంలో వచ్చింది. ఖనిజం తవ్వాలి, కరిగించాలి, యంత్రాలతో సరుకు చేయించాలి. ఒక సర్క్యూట్‌కు ఒక ఇనుప పలక, మూడు రాగి తీగలు కావాలి. ఆ సర్క్యూట్ తయారయ్యేంతలో తీగల యంత్రం ఇచ్చేది రెండు తీగలే. మావాడు ఒకదానికి ఒకటి చొప్పున పెట్టాడు. సర్క్యూట్ యంత్రం మాటిమాటికీ ఆగిపోతోంది.

‘ఎందుకమ్మా ఆగుతోంది?’ అన్నాడు. కాగితం తీశాం. రెండు, మూడుల క.సా.గు. ఆరు. మూడు తీగల యంత్రాలు ఇచ్చే ఆరు తీగలూ రెండు సర్క్యూట్ యంత్రాలకు సరిగ్గా సరిపోతాయి. అలా కట్టగానే ఐదు యంత్రాలూ ఆగకుండా తిరిగాయి. వాడి మొహం వెలిగిపోయింది.

మర్నాడు తనే లెక్క కట్టాడు. పసుపు బెల్టు సెకనుకు 15 పలకలు మోస్తుంది. రాతి కొలిమికి ఒక్కో పలకకు 3.2 సెకన్లు పడుతుంది. బెల్టు నిండాలంటే 48 కొలిములు కావాలి.

తల్లిదండ్రులకు నా విన్నపం ఒకటే. ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టకండి. సమయానికి హద్దు పెట్టండి, కానీ పక్కన కూర్చోండి. సిద్ధంగా ఉన్న జవాబు వెతికివ్వకుండా చేతికి కాగితం, పెన్సిల్ ఇవ్వండి. తన అవసరం కోసం కట్టిన లెక్కను ఏ పిల్లవాడూ మరచిపోడు.